స్త్రీ హార్మోనులును అవటుగ్రంథియు

సంస్కృతమున అవటువనగా మెడ వెనుకభాగము. అవటుగ్రంథియో మెడకు ముందున్నది. పేరు తప్పినను దాని పని మిక్కిలి ముఖ్యము.

మగయెలుకకు వృషణములు తీసివేసినచో, ఆ గ్రంథిని ప్రేరేపించు హార్మోను రక్తమున తగ్గును. టెస్టోస్టెరోను నిచ్చినచో మరల హెచ్చును. స్త్రీ గర్భవతి యైనపుడు ఈస్ట్రోజెను హెచ్చగా, థైరాక్సినును పట్టియుంచు ప్రోటీను రక్తమున పెరుగును. గ్రంథి యధికముగ శ్రమింపవలెను. దినమునకు 150 మైక్రోగ్రాములు చాలు అయొడిను అప్పుడు 250 కావలెను. తొలిమాసములలో శిశువు మెదడునకు తల్లి థైరాక్సినే యాధారము.

మా యింట గర్భిణియైన కోడలి యలసటను సోమరితనమని నొప్పించితిమి. పిదప రక్తపరీక్షవలన గ్రంథిదోషమని తేలినది. ఆ పశ్చాత్తాపముతో విన్నవించుచున్నాము: జాతకములు చూచు శ్రద్ధలో కొంత గర్భిణుల రక్తపరీక్షయందును చూపుడు.