విశ్వానికి అది మొదలా, మలుపా?



ఉగాది అంటే యుగానికి ఆది. ఐనా ప్రభవతో మొదలైన మన అరవై సంవత్సరాలు అక్షయ దాకా నడచి తిరిగి ప్రభవకే వస్తాయి. మన పండుగలో మొదలూ ఉన్నది, మళ్ళీ రావడమూ ఉన్నది. విశ్వము సంగతిలో ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చే ప్రయత్నమును గురించి మేము నాలుగు మాటలు మనవి చేస్తాము.

విశ్వము విస్తరిస్తున్నది. లెక్కను వెనుకకు నడిపితే, సుమారు 1380 కోట్ల ఏండ్ల క్రిందట సమస్తమూ మహా వేడిగా, ఇరుకుగా ఉన్నదని తేలుతుంది. అంతకు ముందు? 1955లో అమల్ కుమార్ రాయ్‌చౌధురి ప్రకటించిన సమీకరణము ఆధారముగా, 1970లో పెన్రోజ్, హాకింగ్ పండితులు, కొన్ని షరతులకు లోబడి, గతానికి ఒక అంచు తప్పదని నిరూపించినారు. దానినే సింగ్యులారిటీ అంటారు. అక్కడ ఐన్‌స్టీన్ లెక్కలు నడవవు.

ఆ లెక్కలలో పరమాణువుల లోకాన్ని ఏలే క్వాంటం నియమాలు చేరలేదు. మహారాష్ట్రలో జన్మించిన అభయ్ అష్టేకర్, ఆయన సహచరులు 2006లో వాటిని చేర్చి ఒక సరళమైన నమూనాకు లెక్క కట్టినారు. కుంచించుకు వచ్చిన విశ్వము ఒక హద్దు వద్ద ఆగి, నేలకు కొట్టిన బంతివలె తిరిగి లేచినట్లు తేలినది.

దీనికి సాక్షి ఎవరు? విస్తరణ మొదలైన సుమారు 3,80,000 ఏండ్లకు బయలుదేరిన వెలుగు. పెంజియాస్, విల్సన్ దానిని కనుగొన్న సంగతి 1965లో ప్రకటించినారు. తొలిక్షణములో విశ్వము ఒక్కుమ్మడిగా ఉబ్బి ఉంటే, ఆనాటి గురుత్వ తరంగాలు ఆ వెలుగులో ఒక మెలికగుర్తు వేసి ఉండవచ్చును. మెల్లగా కుంచించుకొని తిరిగి లేచినదనే కొన్ని వాదాల ప్రకారము ఆ గుర్తు కానరాదు. కనుక గుర్తు దొరికితే ఆ వాదాలు వీగిపోతాయి. అష్టేకర్ గారి మలుపు మాత్రము నిలుస్తుంది. మలుపు తరువాత ఉబ్బడానికి అందులో చోటున్నది. గుర్తు దొరకకపోతే ఏదీ తేలదు.

2014లో దక్షిణ ధ్రువము వద్ద పనిచేసే బైసెప్ బృందము గుర్తు దొరికినదని ప్రకటించినది. మరుసటి ఏడు ప్లాంక్ ఉపగ్రహపు కొలతలతో కలిపి చూడగా, అందులో చాలభాగము మన పాలపుంతలోని ధూళి వలన వచ్చినదేనని తేలినది. ఆ మాట చెప్పినవారిలో ఆ బృందమూ ఉన్నది. వారు 2021లో ప్రకటించిన మరింత నిశితమైన కొలతలలోనూ గుర్తు కానరాలేదు.

కల్పాలు, ప్రళయాలు మన పెద్దలు ఏనాడో చెప్పినారు గనుక మలుపే నిజమని కొందరు తొందరపడతారు. ఆ ఊహ గొప్పదే, మనదే. కాని పోలిక సాక్ష్యము కాదు. పొరుగు భాషల నడుమ పెరిగే మన పిల్లలకు మనవారి గొప్ప చెప్పవలసినదే, దానితోపాటు "అది ఎట్లా తెలిసినది?" అని అడిగే అలవాటును కూడ నేర్పుదాము. బడిలో నేర్చినదీ, ఇంటిలో విన్నదీ వారు ఒకే త్రాసులో తూచగలుగుతారు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.