నెల ఆలస్యానికి అంత కోపం, నాలుగేళ్ళ ఆలస్యాన్ని ఎవరడిగారు?



మొన్న యువజన సమావేశంలో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు రాసి పెట్టమన్నారు కాబట్టి, మాట్లాడినట్టే రాసి పెడుతున్నాను. కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

విషయం ఏంటంటే, 2013లో ఒక మెసేజ్ యాప్ చెప్పిన రోజుకి రాలేదు. దాని మీద దేశదేశాల జనం కంపెనీని తిట్టిపోశారు. ఫోన్ యాప్ గొడవతో మనకేం పని అని మీరు అనొచ్చు. అక్కడ కూర్చున్న ఒక తమ్ముడు అననే అన్నాడు. పనుంది తమ్ముడూ. ఇవాళ మన మీటింగు కబురు నుంచి ఆసుపత్రికి రక్తం కావాలన్న కబురు దాకా అన్నీ ఒక యాప్ మీదే నడుస్తున్నాయి. ఆ యాప్ ఎవరిది, దాని తాళం ఎవరి దగ్గరుంది అన్నది మన పనే.

మీలో చాలామందికి బ్లాక్‌బెర్రీ ఫోన్ తెలీకపోవచ్చు. కెనడాలో వాటర్లూ అనే ఊరి కంపెనీ. పైన తెర, కింద గింజల్లాంటి చిన్న చిన్న బటన్లు. పాత సినిమాల్లో ఆఫీసర్ల చేతుల్లో చూసే ఉంటారు. ఆ ఫోన్లలో 2005లో బీబీఎం అని ఒక సదుపాయం పెట్టారు. ఫోన్ నంబర్ ఇవ్వక్కర్లేదు, ప్రతి ఫోన్‌కి ఎనిమిది అక్షరాల పిన్ ఉంటుంది, అది చెప్తే చాలు. మెసేజ్ చేరితే డి అనే అక్షరం, అవతలి మనిషి చదివితే ఆర్ అనే అక్షరం కనపడేది. ఇవాళ టిక్కులు నీలంగా మారాయా లేదా అని చూసుకుంటూ కూర్చుంటాం చూడండి, ఆ జబ్బుకి మూలం అదే. ఎస్ఎంఎస్‌కి పైసలు పోయే రోజుల్లో అది పెద్ద సుఖం. ఇండోనేషియాలో, నైజీరియాలో, దక్షిణాఫ్రికాలో కుర్రకారంతా దాని మీదే ఉండేవాళ్ళు. ఒక్కటే షరతు. ఇద్దరి చేతుల్లోనూ బ్లాక్‌బెర్రీయే ఉండాలి. వేరే ఫోన్ కొనుక్కున్నావా, గుంపులోంచి బయటికి పోయినట్టే.

2013 మేలో కంపెనీ పెద్ద థోర్‌స్టెన్ హైన్స్ సభ పెట్టి చెప్పాడు: ఈ వేసవిలో బీబీఎం ఆండ్రాయిడ్‌కీ, ఐఫోన్‌కీ కూడా వస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు అని. అప్పటికి బీబీఎం వాడేవాళ్ళు నెలకి 6 కోట్ల మంది. బయట నిలబడి ఎదురుచూసేవాళ్ళు ఎంతమందో. వేసవి గడిచింది (వాళ్ళ వేసవి సెప్టెంబర్ దాకా సాగుతుంది లెండి), చివరికి తేదీ ఇచ్చారు. సెప్టెంబర్ 21 ఆండ్రాయిడ్‌కి, 22 ఐఫోన్‌కి.

21 శనివారం. ఆండ్రాయిడ్ యాప్ ఇంకా బయటికి రాకముందే, దాని పాత కాపీ ఒకటి ఎలాగో ఇంటర్నెట్లోకి లీకైపోయింది. పూర్తిగా సరిచేయని కాపీ అది. ఆగలేని జనం దాన్నే దింపుకుని ఎక్కించుకున్నారు. మొదటి ఎనిమిది గంటల్లోనే 11 లక్షల మంది వాడేశారని కంపెనీయే లెక్క చెప్పింది. వ్యవస్థ తడబడింది. విడుదల ఆపేశారు. అప్పటికే ఐఫోన్‌లో దింపుకున్న కొద్దిమంది వాడుకోవచ్చు, లీకైన ఆండ్రాయిడ్ కాపీ మాత్రం పనిచేయకుండా చేస్తాం అన్నారు. మళ్ళీ ఎప్పుడు అంటే తేదీ లేదు.

ఇక చూడండి గోల. ట్విట్టర్ నిండా తిట్లు, ఎగతాళి. దానికి ముందురోజే, సెప్టెంబర్ 20న, 4,500 మందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నామని, ఆ మూడు నెలల నష్టం 100 కోట్ల డాలర్లకి దగ్గరగా ఉంటుందని అదే కంపెనీ ప్రకటించింది. మునిగే పడవలోంచి చెయ్యి ఊపుతున్నారని కొందరు నవ్వారు. ఇంకొందరికి నవ్వు రాలేదు. బ్లాక్‌బెర్రీ చేతిలో పట్టుకుని, ఐఫోన్ కొనుక్కున్న స్నేహితుల్ని మళ్ళీ కలుపుకుందామని నెలల తరబడి కాచుకున్నవాళ్ళు వాళ్ళు. ఇంకొన్నాళ్ళు కంపెనీని వదలకుండా ఉండడానికి వాళ్ళకున్న సాకు ఆ యాప్. అది కూడా ఆగిపోయింది.

ఆ సందులో దొంగలు దూరారు. గూగుల్ స్టోర్లో బీబీఎం పేరుతో నకిలీ యాప్‌లు పుట్టుకొచ్చాయి. అసలుది రాలేదని తెలీనివాళ్ళు దింపుకున్నారు. వారపు సంతకి ఉప్పు బండి రాలేదనుకోండి, దళారి పక్కన గోతాం పరిచి కూర్చోడూ? అలాగే.

ఎందుకు ఆగిందో కొన్ని రోజులకి బీబీఎం విభాగం పెద్ద ఆండ్రూ బోకింగ్ వివరంగా రాశాడు. నాకు ఆసక్తిగా అనిపించిన ముక్క అదే. లీకైన పాత కాపీ వాడే ఒక్కొక్క మనిషి వల్లా, మామూలుగా ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు డేటా వచ్చి పడిందట. ఆ లోపాన్ని కొత్త కాపీలో సరిచేశారు. కానీ కొత్తది విడుదల చేస్తే పాతదాన్ని వేరుగా అడ్డుకునే దారి వాళ్ళ దగ్గర లేదు. అర్థమవుతోందా? మెసేజ్ యాప్ అంటే మన ఫోన్లో ఉండేది ఒక గుమ్మం మాత్రమే. ఇల్లు ఎక్కడో దూరంగా కంపెనీ సర్వర్లలో ఉంటుంది. మన మాట ముందు అక్కడికి పోయి, అక్కణ్ణుంచి అవతలి ఫోన్‌కి పోతుంది. ఏ గుమ్మంలోంచి వచ్చినవాణ్ణి రానివ్వాలి, ఎవణ్ణి ఆపాలి అనే గొళ్ళెం ముందే బిగించుకోవాలి. వీళ్ళు గొళ్ళెం బిగించకుండా తేదీ ప్రకటించారు.

లీకు కాపీ దింపుకున్నవాళ్ళదే తప్పు, వాళ్ళ తొందర వల్లే అందరికీ ఆలస్యమైంది అన్న మాట కూడా వచ్చింది. నేనొప్పుకోను. తలుపు ఏళ్ళ తరబడి మూసిపెట్టి, రేపు తెరుస్తాం రేపు తెరుస్తాం అంటే, కిటికీ తెరిచి కనపడగానే జనం దూకుతారు. ఆత్రం జనం నేరం కాదు. అంత ఆత్రం ఉందని తెలిసీ గొళ్ళెం పెట్టుకోనిది ఇంటివాడు.

సరిగ్గా నెలకి, అక్టోబర్ 21న యాప్ వచ్చింది. అప్పటికి ఇమెయిల్ ఇచ్చి పేరు రాయించుకున్నవాళ్ళు 60 లక్షల మంది. ఈసారి అందరికీ ఒకేసారి తెరవలేదు, వరస పెట్టారు. యాప్ దింపుకుని, ఇమెయిల్ ఇచ్చి, నీ వంతు వచ్చిందని కబురు వచ్చేదాకా ఆగాలి. మనకి డీఆర్ డిపో దగ్గర సంచి పట్టుకుని నిలబడటం అలవాటే గానీ, ఐఫోన్ చేతిలో పట్టుకున్నవాళ్ళకి ఆ వరస కొత్త. మళ్ళీ గొణిగారు. అయినా మొదటి 24 గంటల్లో కోటి డౌన్‌లోడ్లు అయ్యాయి. ఆండ్రాయిడ్‌లో ఒకే మాటలు, ఒకే తప్పులతో వరసగా అయిదు నక్షత్రాల పొగడ్తలు కూడా పడ్డాయి. కంపెనీ మాకు సంబంధం లేదంది. ఎవరు రాయించారో మనకెందుకు, ముందుకి పోదాం.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ఆ నెల రోజుల ఆలస్యానికి లోకం అంత గొంతు చించుకుంది కదా. దాని వెనకాల ఏళ్ళ తరబడి ఇంకో ఆలస్యం ఉంది. దాని మీద ఇంత గోల లేదు. ఎందుకంటే దానికి తేదీ లేదు.

వాట్సాప్ పుట్టింది 2009లో. ఏ ఫోన్ అయినా పర్లేదు అన్నదే దాని బలం. 2010 అక్టోబర్లో కిక్ అని ఇంకో యాప్ వచ్చింది. పెట్టినవాడు టెడ్ లివింగ్‌స్టన్, బ్లాక్‌బెర్రీ కంపెనీలోనే పనిచేసి వచ్చిన కుర్రాడు. బీబీఎం లాంటిదే, కానీ అన్ని ఫోన్లలో నడుస్తుంది. రెండు వారాల్లో పది లక్షల మంది చేరారు. కంపెనీ ఏం చేసింది? తన స్టోర్లోంచి కిక్‌ని తీసేసి, కోర్టులో కేసు వేసింది. జనం ఏం కోరుకుంటున్నారో కళ్ళెదుట కనపడితే, కనపడేలా చేసినవాడి మీద కేసు. ఇలాంటివి మనం చూడనివా?

అయినా లోపల ఒకాయన దారి పట్టాడు. కంపెనీని నడిపిన ఇద్దరు పెద్దల్లో ఒకరైన జిమ్ బాల్సిలీ. బీబీఎంని అన్ని ఫోన్లకీ తెరుద్దాం, టెలికాం కంపెనీలతో మాట్లాడి ఎస్ఎంఎస్ స్థానంలో దాన్నే పెట్టిద్దాం అని ఆయన పథకం. తెరిస్తే మన ఫోన్ ఎవడు కొంటాడు అన్నది అవతలివాళ్ళ వాదన. 2012 మొదట్లో ఆయన పదవి దిగిపోయాడు, హైన్స్ వచ్చాడు, పథకం ఆగిపోయింది. మార్చిలో ఆయన బోర్డు కూడా వదిలేశాడు. వదలడానికి కారణం ఈ పథకం రద్దు చేయడమేనని తర్వాత కెనడా పత్రిక గ్లోబ్ అండ్ మెయిల్‌కి ఆయనే చెప్పాడు. పద్నాలుగు నెలలు తిరిగేసరికి అదే హైన్స్ అదే మాటని కొత్త కబురులా సభలో ప్రకటించాడు.

ఒక గదిలో నలుగురు కూర్చుని తేల్చేశారు. కోట్ల మంది ఎవరితో మాట్లాడగలరు, ఎవరితో మాట్లాడలేరు అన్నది అక్కడ తేలింది. ఆ కోట్ల మందిలో ఒక్కడికీ ఆ గదిలో పీట లేదు. వాళ్ళకి కబురు తెలిసేసరికి ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళలో వాళ్ళ స్నేహితులు ఒక్కొక్కళ్ళే వాట్సాప్‌కి పోయారు. మెసేజ్ యాప్ గుణం అది. అందులో ఏ హంగులు ఉన్నాయన్నది తర్వాత, నావాళ్ళు అక్కడున్నారా అన్నదే ముందు. ఊరంతా వెళ్ళే బావి దగ్గరికే మనమూ బిందె పట్టుకుపోతాం. నీళ్ళు ఇంకో బావిలో తియ్యగా ఉన్నా, అక్కడ మాట్లాడేవాళ్ళు ఉండొద్దూ.

కాబట్టి కోటి డౌన్‌లోడ్లు అయినా లాభం లేకపోయింది. నవంబర్లో హైన్స్ పోయాడు. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకి వాట్సాప్‌ని కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి దాని జనం 45 కోట్లు. బీబీఎంని 2016లో ఇండోనేషియా కంపెనీ ఎమ్‌టెక్ చేతికి ఇచ్చారు, 2019 మే 31న మామూలు జనం వాడే బీబీఎం మూతపడింది.

ఇంకో మాట, త్వరగా చెప్పి పోతాను. 2011 అక్టోబర్లో ఇంగ్లండులో స్లౌ అనే ఊళ్ళో ఉన్న కంపెనీ కేంద్రంలో ఒక స్విచ్ చెడిపోతే, యూరప్, ఆఫ్రికాతో పాటు మన దేశంలో కూడా బీబీఎం మూగబోయింది. మూడు రోజులు పట్టింది పూర్తిగా కుదుటపడటానికి. అంతకు ముందు ఏడాది మన ప్రభుత్వం, మెసేజ్‌లు చూసే వీలు మాకివ్వకపోతే ఈ సేవలు ఆపేస్తామని అదే కంపెనీకి గడువు పెట్టింది. రెండు సందర్భాల్లోనూ వాడేవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2025 సెప్టెంబర్ చివర్లో అరట్టై గురించి విన్నారు కదా. చెన్నై కంపెనీ జోహోది. కొత్తదేం కాదు, 2021 నుంచీ ఉంది. స్వదేశీ వాడండి అని కేంద్ర మంత్రులు చెప్పేసరికి ఒక్కసారిగా జనం విరుచుకుపడ్డారు. రోజుకి 3,000 మంది చేరేది మూడు రోజుల్లో 3,50,000 అయిందని శ్రీధర్ వెంబు చెప్పాడు. నవంబర్లో పెద్ద విడుదలకి సిద్ధమవుతుంటే ముందే ఇది వచ్చి పడిందన్నాడు. ఓటీపీ రావడంలేదని జనం తిట్టారు. ఓటీపీ నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. అప్పటికి రాసే మెసేజ్‌లకి ఆ యాప్‌లో పూర్తి రహస్య రక్షణ లేదు, ఫోన్ కాల్స్‌కి మాత్రమే ఉంది. అంటే రాసిన మాట మధ్యలో కంపెనీ చదవలేకుండా ఉండే తాళం ఇంకా బిగించలేదన్నమాట. ఓటీపీ గురించి అరిచిన గొంతుల్లో ఆ తాళం ఎప్పుడు అని అడిగినవి తక్కువే. సొంత దేశపు యాప్ రావాలని నాకూ ఉంది. అందుకే అడగాల్సింది గట్టిగా అడగాలంటాను.

వద్దు, వాట్సాప్ చాలు అంటారా? సరే. దాని గొళ్ళెం కూడా మన చేతిలో లేదు. సమావేశంలో నేనొక ప్రశ్న అడిగాను: రేపు పొద్దున ఆ యాప్ తెరుచుకోకపోతే, మీ ఊరి కమిటీ సభ్యులందరి నంబర్లూ నోటుపుస్తకంలో రాసి ఉన్నవాళ్ళు చేతులెత్తండి అని. మూడు చేతులు లేచాయి. అందులో ఒకటి మన గ్రామ కమిటీ పెద్దమ్మది, ఆమె దగ్గర స్మార్ట్ ఫోనే లేదు. మిగతా ఊళ్ళవాళ్ళు వచ్చే నెల సమావేశానికి పుస్తకం రాసుకుని తెండి. సిగ్నల్ కోసం ఏ గుట్ట ఎక్కితే ఎవరికి ఫోన్ కలుస్తుందో అది కూడా పక్కన రాయండి.