రామదాసు చెర

అమీర్‌పేట, పంజాగుట్టలనుండి నైరుతి దిక్కుగా కొంతదూరము సాగినచో గోలకొండ కోట కానవచ్చును. అందు రామదాసు బందిఖానా యని చూపు గది యొకటి కలదు. గోడపై నున్న దేవతామూర్తులను ఆయనయే చెక్కెనందురు.

పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్న సర్కారు పైకముతో భద్రాచల రామునకు ఆలయము కట్టించెనని తానాషా కాలమున చెరపాలయ్యెను. ఆ చెర పండ్రెండేండ్లని పరంపర చెప్పుచున్నది. దెబ్బల కోర్వలేక ఆయన రాముని నిష్ఠురములాడెను. వెంటనే మన్నింపుమని వేడెను. ఆ వేదనయే కీర్తనలైనది.

1687లో ఎనిమిది నెలల ముట్టడి పిదప గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. తానాషాయు దౌలతాబాదు కోటలో బందీయై, అచ్చటనే కన్నుమూసెను.

శ్రోతలారా! పైకమునకు లెక్క అడుగుట రాజ్యమునకు హక్కు. దేహమును హింసించుట ఏ రాజ్యమునకును హక్కు కాదు. కీర్తనను మెచ్చు మనము కొరడాను మరువరాదు.