డిశ్చార్జ్ చేసిండ్రు సరే, ఇంటికి పొమ్మంటే ఇల్లేది? షెల్టర్లో నర్సు చేసే పని

మీ చందుర్తి పోరడు మళ్లీ వచ్చిండు. కొత్తగా చూస్తున్నవాళ్లకు ఒక్క ముక్క చెప్తా: బీటెక్ చదివిన, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన, ఇప్పుడు కెమెరా ముందు కూర్చుని మీతో ముచ్చట పెడుతున్న. అంతే.

ఈ రోజు ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం. దవాఖానలో డిశ్చార్జ్ చేసేటప్పుడు చేతిలో పెడతారు చూడండి, ఆ కాగితం. మీ ఇంట్లో ఎవరిదన్నా ఉంటే తీసి చదవండి. గోలీలు రెండు పూటలా, తిన్న తర్వాత. పుండు తడవొద్దు. రెండు రోజులకోసారి కట్టు మార్చాలి. కాలు కింద దిండు పెట్టుకుని రెస్ట్ తీసుకోవాలి. వారం తర్వాత మళ్లీ రావాలి. ఇందులో కష్టమైనది ఏముంది? ఏమీ లేదు కదా.

ఇప్పుడు అదే కాగితాన్ని ఇల్లు లేని మనిషి చేతిలో పెట్టి చూడండి. తిన్న తర్వాత అంటే, ఆయన ఎప్పుడు తింటాడో ఆయనకే తెల్వదు. పుండు తడవొద్దంటే, వాన పడితే ఎక్కడికి పోవాలె? దిండు ఏది? గోలీలు ఎక్కడ పెట్టుకోవాలె? తల కింద సంచిలో పెట్టుకుంటే పొద్దున లేచేసరికి సంచే ఉండదు. వారం తర్వాత రమ్మంటే, తేదీ గుర్తుచేసే ఫోన్ లేదు, క్యాలెండర్ లేదు.

సాఫ్ట్‌వేర్లో డిపెండెన్సీ అని ఒక మాట ఉంటది. ఒక ప్రోగ్రామ్ నడవాలంటే దాని కింద ఇంకోటి ముందే ఉండాలి. అది లేకపోతే కోడ్ ఎంత బాగున్నా నడవదు. ఆ డిశ్చార్జ్ కాగితం కింద కూడా ఒక డిపెండెన్సీ ఉంది. దాని పేరు ఇల్లు. కాగితం మీద ఎవరూ రాయరు, ఉందనే అనుకుంటారు. ఇల్లు లేని మనిషికి ఆ ఇంటి పని చేసిపెట్టేది ఎవరు అంటే, షెల్టర్లో ఉండే నర్సు. ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఆ మనిషి పని గురించే.

ముందు, ఇల్లు లేనివాళ్లు అంటే ఎవరో క్లియర్‌గా తెలుసుకుందాం. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా వీళ్లను లెక్కపెట్టారు. ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, పెద్ద సిమెంటు పైపుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుళ్ల దగ్గర పడుకున్నవాళ్లు. దేశం మొత్తంలో 17 లక్షల 70 వేల మందికి పైగా తేలారు. ఒక్క రాత్రిలో దొరికినవాళ్ల లెక్క ఇది.

మన దగ్గర లేరు, ఇదంతా పట్నం సంగతి అనుకోకండి. వేములవాడ పోయి రాత్రి పదకొండు తర్వాత గుడి చుట్టూ ఒక రౌండ్ వేయండి. అక్కడ పడుకున్నవాళ్లందరూ మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లే కాదు. ఇక హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కూడా చాలామంది మనలాంటి ఊర్ల నుంచి పోయినవాళ్లే. ఒక మనిషిని ఊహించుకుందాం. సిరిసిల్లలో సాంచా నడిపిండు. పని తగ్గింది, అప్పు పెరిగింది. బస్సెక్కి జేబీఎస్‌లో దిగిండు. అడ్డా మీద కూలికి పోయిండు. ఒక రోజు కాలుకు రేకు గీరుకుంది. షుగర్ ఉందని ఆయనకే తెల్వదు. పుండు మానలే, పనికి పోలే, రూమ్ కిరాయి కట్టలే. రోడ్డు మీదికి రావడానికి ఎన్ని నెలలు పట్టింది? రెండంటే రెండు. ఇట్లాంటి మనిషి మన చుట్టాల్లో ఉండడని ఎవరం గ్యారంటీగా చెప్పగలం?

ఇక షెల్టర్ల సంగతి. 2009 డిసెంబర్‌లో, కామన్వెల్త్ గేమ్స్ ముందు, ఢిల్లీలోని పూసా రోడ్డు దగ్గర ఒక నైట్ షెల్టర్‌ను చలికాలంలో కూల్చేశారు. ఆ విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2010లో కోర్టు ఏం చెప్పిందంటే, పెద్ద నగరాల్లో ప్రతి లక్ష మంది జనాభాకు ఒక షెల్టర్ ఉండాలి, అదీ ఏడాది పొడుగునా. తర్వాత కేంద్రం పట్టణ జీవనోపాధి మిషన్ కింద దీనికి ఒక స్కీమ్ కూడా పెట్టింది. 2011 లెక్కల ప్రకారం హైదరాబాద్ జనాభా 68 లక్షల దాకా. అంటే 68 షెల్టర్లు. ఆ లెక్కకు మనం ఇంకా చాలా దూరంలో ఉన్నాం. పెద్ద దవాఖానల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం జీహెచ్ఎంసీ పెట్టిన షెల్టర్లు కూడా ఉన్నాయి, మన జిల్లా నుంచి పోయినవాళ్లకు అవి మస్తు పనికొస్తాయి. తెలిసి ఉంచుకోండి.

సరే, షెల్టర్లో నర్సు ఏం చేస్తుంది? బీపీ చూస్తుంది, సూది వేస్తుంది అనుకుంటాం. అసలు పని కాళ్ల దగ్గర మొదలైతది.

అవును, కాళ్లే. రోజంతా నడిచేవాళ్లు, తడిసిన చెప్పులు, పగిలిన మడమలు, వేళ్ల మధ్య ఒరుసుకుపోయిన చర్మం. షుగర్ ఉన్నోళ్లకు పాదంలో స్పర్శ తగ్గుతది. ముల్లు గుచ్చుకున్నా తెల్వదు, పుండు పడ్డా నొప్పి రాదు. నొప్పి లేదు కాబట్టి దవాఖానకు పోరు. వేలు నల్లగయ్యాక పోతే, కోసేయాలంటారు. అదే, వారానికి రెండుసార్లు ఒక సిస్టర్ గోరువెచ్చని నీళ్లలో కాళ్లు కడిగి, ఆరబెట్టి, వేళ్ల మధ్య చూస్తే ఆ పుండు బఠాణీ గింజంత ఉన్నప్పుడే దొరుకుతది. ఒక కాలు దక్కుతది. కాలు దక్కితే కూలి దక్కుతది.

పురుగులు పట్టిన పుండ్ల గురించి వినే ఉంటారు. కొందరికి వినడానికే ఇబ్బందిగా ఉంటది, కానీ చెప్పాలె. కట్టు మార్చకుండా వదిలేసిన పుండు మీద ఈగలు గుడ్లు పెడతాయి. నర్సులు టర్పెంటైన్ నూనె వాడి పురుగులు బయటకు వచ్చేలా చేసి, ఒక్కొక్కటి పట్టకారుతో తీస్తారు. గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. మీరు ఇంట్లో ట్రై చేయకండి, ట్రైనింగ్ ఉన్నవాళ్లు చేయాల్సిన పని. ఆ వాసనలో, మొహం చిట్లించకుండా, ఆ పెద్దమనిషితో మాట్లాడుకుంటూ చేయాలి. మొహం చిట్లిస్తే ఆయన రేపు రాడు.

తర్వాత గజ్జి. ఒకరికి మందు రాస్తే లాభం లేదు. పక్క మంచం ఆయనకు ఉంటే, నాలుగు రోజుల్లో మళ్లీ అంటుకుంటది. అందుకే అందరికీ ఒకేసారి మెడ నుంచి పాదాల దాకా మందు రాయాలి, ఆ దుప్పట్లు, బట్టలు వేడి నీళ్లతో ఉతకాలి. యాభై మంది ఉన్న హాల్లో ఇది ఒక్క రోజులో చేయాలంటే అది చిన్న ఆపరేషన్. ముందు రోజు అందరినీ ఒప్పించాలి, కట్టుకోవడానికి వేరే బట్టలు తేవాలి. పెళ్లి పనంత ఉంటది.

టీబీ. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి. పరీక్ష ఫ్రీ, మందులు ఫ్రీ. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతది, బాగయ్యిందనుకుని ఆపేస్తారు. అట్లా ఆపితే జబ్బు మొండిదైతది. నర్సు దగ్గర పేరు రాసిన డబ్బా ఉంటే, రోజూ కళ్ల ముందు మింగిస్తుంది. టీబీ ఉన్నవాళ్ల తిండి కోసం కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబర్ నుంచి 1000 చేసింది. కానీ ఆ పైసలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఖాతా లేదు, ఆధార్ ఎక్కడో పోయింది. అంటే సిస్టర్ చేసే పనిలో సగం ఆఫీసుల చుట్టూ తిరిగే పని కూడా. అది ఏ నర్సింగ్ పరీక్షలోనూ అడగరు.

ఇన్సులిన్ చూడండి. ఫ్రిజ్ లేని మనిషి మే నెల ఎండలో ఇన్సులిన్ ఎక్కడ దాచుకోవాలె? షెల్టర్లో ఫ్రిజ్ ఉంటే సరే. కరెంటు లేనిచోట మన మట్టి కుండ కూడా సాయం చేస్తది. కెన్యా శరణార్థి శిబిరాల్లాంటి చోట్ల ఇన్సులిన్‌ను మట్టి కుండల్లో చల్లగా ఉంచుతారు. కానీ కుండ పెట్టుకోవడానికి కూడా ఒక మూల కావాలి కదా. ఆ మూలే షెల్టర్.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. తాగుడు. రోజూ తాగే మనిషి షెల్టర్లోకి వచ్చి ఒక్కసారిగా మానేస్తే, మంచిదే అయింది అనుకుంటాం. కాదు. ఒకట్రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావొచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనపడి, ప్రాణం మీదికి రావొచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు గుర్తుందా? వైన్స్ బంద్, కల్లు దుకాణాలు బంద్. వారం తిరగకుండానే ఎర్రగడ్డ దవాఖాన ముందు జనం క్యూ కట్టారు. మన దిక్కు కల్తీ కల్లులో మత్తు గోలీల పొడి కలుపుతారని మీకు తెలిసిందే. అది ఒక్కసారి ఆగినా శరీరం తట్టుకోదు. షెల్టర్లో కేర్‌టేకర్ అయితే "తాగుబోతు, లొల్లి చేస్తుండు" అని బయటకు పంపొచ్చు. నర్సు అయితే చెమట, వణుకు, నాడి చూసి 108కి ఫోన్ చేస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా ఒక ప్రాణం.

మతి స్థిమితం లేకుండా తిరిగేవాళ్లు కూడా ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, అట్లాంటి మనిషి కనపడితే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ దవాఖానకు చేర్చడం పోలీసుల బాధ్యత. ఇల్లు లేనివాళ్లకు ఆ చికిత్స ఫ్రీగా పొందే హక్కు ఉంది, రేషన్ కార్డు చూపించాల్సిన పని లేదు. ఇది దయ కాదు, చట్టం. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఒకసారి అమెరికా పోదాం, ఎందుకంటే ఈ పని విలువను డాక్టర్లకే నేర్పిన నర్సు అక్కడ ఉండేది. బోస్టన్ నగరంలో పైన్ స్ట్రీట్ ఇన్ అనే పెద్ద షెల్టర్. అందులో నర్సులే నడిపే క్లినిక్. 1985లో జిమ్ ఓకానెల్ అనే యువ డాక్టర్ పెద్ద హాస్పిటల్లో ట్రైనింగ్ అయిపోయి అక్కడికి వచ్చిండు. బార్బరా మెకిన్నిస్ అనే నర్సు ఆయన స్టెతస్కోప్ పక్కన పెట్టించి, ముందు ఇక్కడికి వచ్చేవాళ్ల కాళ్లు కడుగు అని పని అప్పజెప్పింది. ఎందుకు? డాక్టర్ దగ్గర కూర్చోమంటే కూర్చోని మనిషి, కాళ్లు నీళ్లలో పెట్టమంటే పెడతాడు. అరగంట కూర్చుంటే మాట కలుస్తుంది. మాట కలిస్తే నమ్మకం వస్తది. ఆ తర్వాత ఆయనే అడుగుతాడు, నా ఛాతీ కూడా చూడు అని. దవాఖానలో ఉంచేంత జబ్బు లేదు, రోడ్డు మీద ఉండే ఓపిక లేదు, అట్లాంటివాళ్ల కోసం ఆ నగరంలో వంద మంచాల దాకా ఉన్న చోటు ఒకటి నడుస్తుంది. దాని పేరు బార్బరా మెకిన్నిస్ హౌస్. ఒక నర్సు పేరు!

మన దగ్గర లోటు ఎక్కడుందో చెప్తా. షెల్టర్‌కు మేనేజర్ ఉంటాడు, షిఫ్టుల్లో కేర్‌టేకర్లు ఉంటారు. ఆరోగ్యం సంగతి వచ్చేసరికి దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానతో లింకు పెట్టుకోవాలి అంటారు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానలు ఉన్నాయి, మంచి ఏర్పాటు, డాక్టర్, నర్సు ఇద్దరూ ఉంటారు. కానీ అవి నడిచేది పగటిపూట. ఆ టైంలో మన కూలి మనిషి అడ్డా మీద ఉంటాడు. ఆయన షెల్టర్‌కు వచ్చేసరికి రాత్రి అయితది, దవాఖానకు తాళం పడి ఉంటది. రెండూ ఉన్నాయి, టైం కలవట్లేదు. కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. సాయంత్రం రెండు గంటలు ఒక సిస్టర్ షెల్టర్‌కు వచ్చేలా డ్యూటీ వేస్తే చాలు. దానికి తగ్గ జీతం, రాత్రి ఇంటికి పోవడానికి బండి, తోడుగా ఒక ఆయా ఇవ్వాలి. సేవ చేస్తుంది కదా అని జీతం ఎగ్గొట్టొద్దు. సేవ అనే మాట చెప్పి నర్సులకు తక్కువ ఇచ్చే అలవాటు మనకు ఎప్పటి నుంచో ఉంది.

మన సిరిసిల్లలోనే నర్సింగ్ కాలేజీ ఉంది. జగిత్యాల, కోరుట్ల, చందుర్తి ఆడపిల్లలు, అబ్బాయిలు కూడా, మస్తు మంది నర్సింగ్ చదువుతున్నారు. చాలామంది చూపు గల్ఫ్ మీద, జర్మనీ మీద. పోండి, తప్పు లేదు, ఇంట్లో అప్పులు ఎవరికి లేవు? కానీ చదువుకునే రోజుల్లో ఒక వారం ఏదైనా షెల్టర్లో పని చేసి చూడండి. మెషీన్లు లేకుండా, చేతితో, కళ్లతో, మాటతో జబ్బు పట్టుకోవడం అక్కడ నేర్చుకుంటారు.

నర్సింగ్ చదవని మనం ఏం చేయాలి? రోడ్డు పక్కన పడి ఉన్న మనిషి కనపడితే, ముందు దగ్గరికి పోయి పలకరించండి. "పెద్దయ్యా, అవ్వా" అని పిలవండి, పలుకుతున్నారో లేదో చూడండి. పలకకపోయినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా 108. మనసుకు సంబంధించిన సాయం కోసం 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉండండి, ఎందుకంటే వాళ్లు వచ్చేసరికి చూపించే మనిషి లేకపోతే వెతుక్కుని వెనక్కి పోతారు.

ఇంకో మాట, ఇది నాలాంటి వీడియోలు చేసేవాళ్లకు ఎక్కువ. పుండుతో ఉన్న మనిషి మొహం రీల్‌లో పెట్టకండి. గడ్డం గీసి, స్నానం చేయించి, ముందు ఇట్లా తర్వాత ఇట్లా అని పాట పెట్టి వదులుతున్నారు. వ్యూస్ వస్తాయి. ఆ వీడియో ఆయన బిడ్డ చూస్తే? ఊళ్లో అల్లుడు చూస్తే? ఇంటికి తిరిగి పోవాలనుకున్న మనిషికి ఉన్న ఒక్క దారి మూసుకుపోతది. షెల్టర్లో పనిచేసే సిస్టర్ రోజుకు ఇరవై మంది కాళ్లు కడిగినా ఒక్క ఫొటో తీయదు. అది చూసి నేర్చుకుందాం.

వచ్చేసారి వేములవాడ పోతే, హైదరాబాద్ పోతే, ఒక ప్రశ్న అడగండి: ఇక్కడ షెల్టర్ ఎక్కడుంది, రాత్రి అక్కడికి నర్సు వస్తుందా? మున్సిపాలిటీలో అడగండి, మీ వార్డు కౌన్సిలర్‌ను అడగండి. పది మంది అడిగితే పట్టించుకోరు. వంద మంది అడిగితే ఫైలు కదులుతది.

నచ్చితే నర్సింగ్ చదివే మీ అక్కకో చెల్లెకో పంపండి. మళ్లా వారం కలుద్దాం. ఉంటా మరి.