అన్వేషణయంత్ర వర్తకసభలు – మన యువకులు



గూగులు మొదలగు అన్వేషణయంత్రములలో అంగడిపేరు ముందుగా కనబడునట్లు చేయు వృత్తివారికి 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డానీ సల్లివన్ గారు సభ గూర్చిరి. అంతకు ముందటి యేడు గోటు అను సంస్థ పదములను వేలము వేసి, హెచ్చు సొమ్మిచ్చినవారికి పైస్థాన మొసగెను. 2000లో గూగులును మాటలవెంబడి ప్రకటన లమ్మసాగెను. వృత్తితోపాటు సభలును పెరిగెను. 2007లో సియాటిలు నగరమున సల్లివన్ గారే మఱియొకటి నెలకొల్పిరి.

అట్టి సభలలో నేర్పు విద్యలు రెండు. పుటయందలి విషయమును చక్కబఱచి యోగ్యతచే పైకి వచ్చుట యొకటి. వెలయిచ్చి స్థానము గొనుట రెండవది. కొనుట దోషము కాదు. కొన్న సంగతి దాచుట దోషము. మన సంచికలో వ్యాసములు వేఱు, ప్రకటనలు వేఱు, చదువరి భ్రమపడడు. అచట నట్టి భేద మస్పష్టమగుటచేతనే, 2002లో అమెరికాదేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషను, వెలగొన్న ఫలితములను స్పష్టముగా వేఱుచేసి చూపుడని అన్వేషణయంత్ర సంస్థలకు వ్రాసెను.

పోషకులారా! మన యువకుల నిట్టి సభలకు బంపుటకు ధనసాహాయ్యము చేయుడు. తిరిగివచ్చినవానిని "పైకి వచ్చు నుపాయ మేమి?" అని మాత్రమే యడుగక, "చదువరికి నిజము చెప్పుచున్నావా?" అనియు నడుగుడు. మొదటిదానివలన బేరము వచ్చును, రెండవదానివలన నిలుచును.