రాకాసి గుళ్ళు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను చరిత్ర పండితుడను గాను. దస్త్రముల నడుమ దినము గడుపు ఉద్యోగిని. అయినను ఈ సాయంకాలము కొన్ని రాళ్ళను గూర్చి మీతో ముచ్చటింప దలచితిని.

మన రాయపూరునకు దక్షిణముగా, బాలోద్ నుండి ధమ్తరి పోవు దారిలో కర్కాభాట్ అను పల్లె గలదు. అచ్చట రాతికుప్పలును, నిలువురాళ్ళును విస్తారముగా నున్నవి. గత శీతకాలమున కుటుంబముతో పోయి చూచితిని. మా చిన్నవాడు "నాన్నగారూ, వీటిని ఎవరు పాతారు?" అని యడిగెను. వానికి జవాబు చెప్పుచుండగా నా బాల్యమునాటి అపరాధమొకటి జ్ఞప్తికి వచ్చెను.

పల్నాటిలో మా మెట్టచేనియందు గుండ్రముగా నిలిపిన బండరాళ్ళు ఉండెడివి. వానిని రాకాసి గుళ్ళు అనెడివారు. మా నాయనమ్మ మమ్ములను అటు పోనిచ్చెడిది కాదు. ఆమె గతించిన యేడు మా నాయనగారు చేను చదును చేయించి, ఆ రాళ్ళతో పశువులకొట్టమునకు గోడ పెట్టించిరి. నేల నుండి కుండపెంకులు బయటపడినవి. వానితో మేము తొక్కుడుబిళ్ళ ఆడుకొంటిమి.

అవి యేమో కళాశాలలో చేరిన పిమ్మట తెలిసినది. అవి సమాధులు. దక్కనున ఇనుము వాడుకలోనికి వచ్చిన కాలమున, అనగా క్రీస్తునకు పూర్వము సుమారు వెయ్యేండ్ల నాటినుండి, జనులు తమవారి అస్థికలను నేలలో నుంచి, చెంత కుండలను, ఇనుప పనిముట్లను పెట్టి, చుట్టును రాళ్ళు నిలిపిరి. లోపల నలుపును, వెలుపల ఎరుపును గల కుండలు వాని ఆనవాలు. ఈ ప్రాంతమున ధనోరాయొద్ద ఇట్టివానిని 1956-57లో మోరేశ్వర్ దీక్షిత్ గారు త్రవ్వి పరిశీలించిరి.

దూరదేశములందును శిలావలయములు గలవు. ఐర్లండులో కార్క్ మండలమున డ్రోంబెగ్ అనుచోట ఒకటి యున్నది. మొదట 17 రాళ్ళు. నేడు మిగిలినవి 13. 1957లో త్రవ్వినపుడు నడుమ ఒక కుండలో కాలిన మనుష్యాస్థికలు దొరకినవి. నిజాము కొలువున నుండిన మెడోస్ టైలర్ 19వ శతాబ్దమున సురపురము వైపు సమాధులను త్రవ్వి, ఆ వర్ణనను ఐర్లండులోని రాయల్ ఐరిష్ అకాడమీ సంపుటములలో ప్రకటించెను. రెండు దేశముల రాళ్ళకు చుట్టరికమున్నదను ఆనాటి తలంపు నేడు నిలువలేదు.

కాని ఒక పోలిక మాత్రము నిజము. అచ్చటి పల్లెవారు డ్రోంబెగును డ్రూయిడ్ పూజారుల బలిపీఠమనిరి. మనవారు రాకాసులవనిరి, పాండవులవనిరి. చచ్చినవారికై ఏడ్చిన మనవంటి మనుష్యులే వీనిని నిలిపిరని ఎవరికిని తోచలేదు.

ఇన్నాళ్ళు మా రాళ్ళను కాచినది నాయనమ్మ భయము. చదువు ఆ భయమును పోగొట్టినది; దాని చోట గౌరవమును మాత్రము నిలుపలేదు. ఆ నడిమి కాలముననే రాళ్ళు పోవుచున్నవి. 2025లో కృష్ణాతీరమునందలి ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి, సంతోషము. కాని ఏ జాబితాకును ఎక్కని చేలెన్నియో గలవు. సెలవులకు ఊరికి పోయినపుడు మీ పిల్లలకు వానిని చూపుడు. తీయింపబోవు బంధువులకు ఒక మంచిమాట చెప్పుడు.

కర్కాభాట్‌లో మావానికి "మనలాంటివాళ్ళే, తమ పెద్దల కోసం పాతారు" అని చెప్పితిని. మా కొట్టపు గోడ సంగతి చెప్పుటకు నోరు రాలేదు. వాడిప్పుడు ఈ సభలో మూడవ వరుసలో కూర్చుండి యున్నాడు. అందుకే మీ అందరి యెదుట చెప్పితిని.

సెలవు.