చెల్లె అడిగితే వదినె చెప్పాలె

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల గ్రామీణ దంపతుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ నియంత్రణ మీటింగు అనగానే ఇక ఆపరేషను సంగతే అనుకొని, వెనక కూర్చున్న మగవాళ్ళు అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు. కూర్చోండి. ఈ రోజు ఆపరేషను మాట కాదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పదిహేను, పదహారేండ్ల పిల్లలున్నారు గదా, వాళ్ళ మాట.

కొన్నేండ్ల కింద కోరుట్ల దిక్కు ఒక ఊళ్ళో, బీడీలు చేసే ఆడపిల్లలను ఒక అరుగు మీద కూర్చోబెట్టి బహిష్టు గురించీ, రక్తహీనత గురించీ గంటసేపు చెప్పాను. బొమ్మల పటం కూడా చూపించాను. "ఏమన్నా అడుగుతారా?" అంటే ఒక్కతీ నోరు విప్పలేదు. తలలు వంచుకొని చాటలోని ఆకు చుట్టుకుంటూనే ఉన్నారు. బాగానే చెప్పానని నేను సంతోషపడి బయలుదేరాను. బస్సు కోసం నిలబడితే ఆ అరుగు ఇంటి కోడలు ఉరికొచ్చింది. ఆమెకు ఇరవై రెండేండ్లుంటాయి. "మేడం, మీరు లేవంగనే నలుగురు నన్ను అడిగిండ్రు. ఒక పొల్లకు మూడు నెలల సంది నెలకు రెండుసార్లు ముట్టయితున్నదట. ఇంకో పొల్లకు వచ్చే నెల పెండ్లి. పెండ్లయినంక ఏమైతదో ఎవలూ చెప్తలేరని ఏడ్చింది" అన్నది.

మొదటి పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయి పరీక్ష చేయిస్తే రక్తం ఆరు గ్రాములే ఉంది. పన్నెండు ఉండాలె. వైద్యంతో కోలుకుంది. రెండో పిల్లకు పదహారేండ్లు. ఇంటి పెద్దలతో రెండుసార్లు మాట్లాడి, ఇక వాళ్ళే ఆలోచించుకుంటారని వదిలేశాను. అది నా తప్పు. 1098కి ఫోన్ చేయాల్సింది, చేయలేదు. పెండ్లి అయింది. ఏడాది తిరగకముందే నెలలు నిండని కాన్పు అయింది, బిడ్డ దక్కలేదు.

గంటసేపు చెప్పిన నన్ను అడగని మాట, పది నిమిషాల్లో ఆ కోడలిని అడిగారు. ఎందుకు? నేను మేడమును. ఆమె వదినె. నిన్నమొన్నటిదాకా ఆమె కూడా ఆ చాట ముందర కూర్చున్నదే. ఆ రోజు నుంచి నా పని తీరు మార్చుకున్నాను.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో పని మొదలుపెట్టిన రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అనే డాక్టరు దంపతులు పల్లె ఆడవాళ్ళకే ఆరోగ్యం పని నేర్పారు. వారిలో చదువు రానివాళ్ళు కూడా ఉన్నారు. 2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అది పదేండ్ల నుంచి పందొమ్మిదేండ్ల పిల్లల కోసం. అందులో పిల్లలకు పిల్లలే చెప్పే పద్ధతి ఉంది. ఊరికి ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళను 'సాథియా' అంటారు, అంటే జతగాళ్ళు. ఒక్కొక్కరు పదిహేను, ఇరవై మందిని కూడగట్టి వారానికోసారి మాట్లాడుకుంటారు. మీ ఊళ్ళో ఆ పేరు వినబడినా, వినబడకపోయినా, ఆ పని మాత్రం మనం చేసుకోవచ్చు.

బడికి పోయే పిల్లకు టీచరమ్మ ఉంటుంది, బడిలోనే గోలీలు ఇస్తారు. బడి మానేసి రోజుకు ఇన్ని వందల బీడీలని లెక్క పెట్టుకునే పిల్లకు ఎవరున్నారు? తల్లి కూడా అదే పనిలో ఉంటుంది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. బీడీలు చేయ వస్తుందా అని పెండ్లి చూపుల్లో అడగడం నా చెవులతో విన్నాను. రక్తం ఎంతుందని అడిగినవాళ్ళను మాత్రం చూడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చెబుతాను, వినండి. మన తెలంగాణలో 20 నుంచి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెండ్లయింది. నలుగురిలో ఇంచుమించు ఒకరన్నమాట.

బడి మానిన ఆడపిల్లలకు అంగన్‌వాడీలో వారానికొక నీలం రంగు ఐరన్ గోలీ ఇస్తారు. అది అన్నం తిన్నంక వేసుకోవాలె. మొదట్లో కొందరికి కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది. దాంతో ఈ గోలీ మింగితే పిల్లలు పుట్టరట అని పుకారు లేస్తుంది. ఆ పుకారును నా పటం ఆపలేదు. "నేను వేసుకుంటున్నా, నాకేమైంది?" అనే జతగత్తె ఆపుతుంది.

ఇక మగపిల్లల సంగతి. సిరిసిల్లలో సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసే పిలగాడు, రాత్రి పని, ఆ చప్పుడు, ఆ దూది దుమ్ము. అలసట తీరాలంటే గుట్కా, తర్వాత మందు. కలలో వీర్యం పోతే బలం పోతుందని బెంగపెట్టుకొని, గోడ మీద రాతలు చూసి నాటువైద్యుడికి వేలు కట్టబెట్టిన పిల్లలను చూశాను. అది రోగం కాదు, వయసు ధర్మం అని చెప్పడానికి ఒక్క బావ చాలడా? సెల్‌ఫోనులో చూసిందే సంసారం అనుకుంటున్నారు. రేపు భివండికో గల్ఫుకో పోతారు. నిరోధ్ ఎందుకో, ఎయిడ్స్ ఎలా వస్తుందో పోకముందే తెలియాలె గదా. మామలూ బావలూ సరసాలాడటానికైతే ముందుంటారు, ఈ మాట చెప్పమంటే సిగ్గుపడతారు!

అందుకే మిమ్మల్ని పిలిచాను. మీరు సంసారం చేస్తున్నవాళ్ళు. మొదటి కాన్పు ఇరవై దాటినంకనే అనీ, బిడ్డకూ బిడ్డకూ మూడేండ్ల ఎడం అనీ మీకు చెబుతూనే ఉన్నాం. నిరోధ్, మాలా-ఎన్, ఛాయా గోలీలు, మూడు నెలలకోసారి వేసే అంతర సూది, కాపర్-టి ఇవన్నీ సర్కారు ఆసుపత్రిలో ఉచితం. ఇవి మీ చెల్లెకు పెండ్లయి, నెల తప్పినంక తెలిస్తే ఏం లాభం?

ఈ పనికి పెద్ద చదువు అక్కరలేదు. మూడు సంగతులు మాత్రం గట్టిగా పట్టుకోవాలె. పిల్ల చెప్పిన మాట చెరువు గట్టు మీద చెప్పొద్దు. ఒక్కసారి బయటపడితే మళ్ళీ ఎవరూ మీ గడప తొక్కరు. మీరు మందులివ్వద్దు. గోలీ పేరు చెప్పడం కూడా వద్దు, ఆశమ్మ దగ్గరికో నర్సమ్మ దగ్గరికో వెంటబెట్టుకొని రండి. చిన్న వయసు పెండ్లి గానీ, పిల్లమీద ఎవరిదైనా బలాత్కారం గానీ తెలిస్తే మాత్రం దాచొద్దు. 1098కి చెప్పండి, ఫోన్ చేసినవాళ్ళ పేరు బయటికి రాదు. నాలాగ రెండుసార్లు మాట్లాడి ఊరుకోవద్దు.

అత్తమ్మలకు ఒక మాట. కోడలు వారానికి ఒక గంట పిల్లలతో కూర్చుంటే బీడీలు వంద తగ్గుతాయి, నిజమే. ఆ వంద బీడీల పైసలు ఎన్నో మీకే తెలుసు. ఆసుపత్రిలో రక్తం ఎక్కించిన రోజు పోయిన కూలి ఎంతో ఆ పిల్ల తల్లికి తెలుసు.

సమయం గురించి చాలామంది అడిగారు. ఆడపిల్లలకు బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చిన పొద్దు బాగుంటుంది, అప్పుడు చేతులు ఖాళీ. సాంచాల పిలగాండ్లకు షిఫ్టు మారే వేళ, చాయ్ హోటలు దగ్గరే. మీటింగు అని పేరు పెట్టకండి, రారు. ఎవరి అరుగు ఇస్తారో, ఏ వదినె, ఏ బావ కూర్చుంటారో ఈ వారంలో మీ ఆశమ్మకు చెప్పండి. మొదటి రెండుసార్లు నర్సమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది, తర్వాత మీరే నడుపుకోవచ్చు.